ఐదు వందల ఇరవై గ్రాములు

బుధవారం సాయంత్రం నాలుగింటికి మామగారి గురక మొదలయ్యాక, కోడలు వంటింటి తలుపు చప్పుడు కాకుండా చేరవేసి కారు దగ్గరికి వెళ్ళింది. ఒక చేతిలో కారు ఏసీలో నింపే చిన్న గ్యాసు డబ్బా, దాని గొట్టం. ఇంకో చేతిలో ఓవెన్లోంచి వేడి పళ్ళేలు తీసే మందపాటి తొడుగులు. సొంత ఇంట్లో సొంత కారు దగ్గరికి ఇలా పిల్లిలా నడవాల్సి వచ్చినందుకు ఆమెకి నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది.

శనివారం మధ్యాహ్నం పన్నెండున్నరకి నలభై కిలోమీటర్ల అవతల ఒక హోటల్లో మూడంతస్తుల క్రీము కేకు దించాలి. ఇన్నాళ్ళూ ఆమె ఇంట్లో చేసిన కేకులు వీధి చివరి దాకానో, మహా అయితే పక్క వీధి పుట్టినరోజు దాకానో వెళ్ళాయి. హోటలు మేనేజరు ఒక ముక్క రుచి చూసి, బాగుందన్నాడు. బాగుండటం ఒక్కటే చాలదనీ, మా దాకా నిలబడి రావాలనీ, వస్తే తరవాత సంగతి మాట్లాడుకుందామనీ అన్నాడు. తరవాత సంగతి ఏమిటో అతను చెప్పలేదు, ఆమె అడగలేదు. వారానికొకటి కాబోలని ఆమె మనసు తనంతట తానే తేల్చేసుకుని, నాలుగు రోజుల నుంచి నిద్ర పాడుచేసుకుంటోంది. ఎండ చూస్తే పది దాటాక రోడ్డు మీద కాలు పెట్టనివ్వడం లేదు. కారు ఏసీ చూస్తే పది రోజులుగా వేడి గాలే ఊదుతోంది.

మామగారికి చెప్పలేదా అంటే చెప్పింది. ముప్పై ఏళ్ళు కార్ల ఏసీలు బాగుచేసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని చెప్పకుండా ఎలా ఉంటుంది? "చూస్తాలే అమ్మాయ్" అన్నారాయన. రెండుసార్లు బానెట్ ఎత్తి, పాత గడ్డం బ్రష్షుతో పైపుల మీద సబ్బు నురగ రాసి, చాలాసేపు వంగి చూసి, మళ్ళీ మూసేశారు. ఏమైనా తెలిసిందా అని అడిగితే తెలుస్తుందన్నారు. ఆ చూడటంలోనే పది రోజులు గడిచాయి. ఈమధ్య ఆయన టీ గ్లాసు ఎత్తుకుంటే పెదాల దాకా వచ్చేసరికి గ్లాసు వణుకుతోంది. కోడలు అది చూసి చూడనట్టు పక్కకి తిరుగుతోంది.

పోనీ షాపుకి తీసుకెళ్దామంటే, ఊళ్ళో ఆ పని చేసే షాపు ఒక్కటే. మూడేళ్ళ కిందట గ్యాసు తూచి ఎక్కించే నీలం మెషీను కొన్నదీ ఆ షాపే, కొన్న నెలలోపే మామగారిని ఇక రావద్దని ఇంటికి పంపిందీ ఆ షాపే. కోడలు వెళ్ళి ఆ మెషీను ముందు కారు నిలబెడితే ఆయన తల ఎక్కడ పెట్టుకుంటారు? నాన్నకి తెలియకుండా నువ్వే కానిచ్చెయ్యమని భర్త ఫోనులో సలహా ఇచ్చాడు. ఎక్కడో లారీలో కూర్చుని సలహాలివ్వడానికి అతనికేం పోయింది! అయినా ఆమెకి అంతకన్నా మంచి దారి తోచలేదు. ఎవరి మనసూ నొప్పించకుండా పని జరిగిపోతుంది కదా అనుకుంది.

డబ్బాని ముందే వంటింటి త్రాసు మీద పెట్టి చూసింది. మూడు వందల డెబ్భై రెండు గ్రాములు. గ్యాసు తూచి తీరాలని ఆమెకి ఎవరూ చెప్పలేదు. చిటికెడు బేకింగ్ పౌడరైనా సరే తూచకుండా గిన్నెలో వెయ్యని చెయ్యి ఆమెది. ఫోనులో చూసిన వీడియోలో చెప్పినట్టే ఇంజను ఆన్ చేసి, ఏసీ పూర్తిగా తిప్పి, నాలుగు తలుపులూ బార్లా తెరిచింది. గాలి ఎలా వస్తోందో ముందు చెయ్యి పెట్టి చూడాలని తోచలేదు. బానెట్ ఎత్తి లావు పైపు వెతికి, దాని మీది నల్ల మూత తిప్పి తీసింది. కింద వాల్వు కొత్త సూదిలా మెరుస్తోంది. ఆ మెరుపు కంట్లో పడింది గానీ ఆలోచనలో పడలేదు. గొట్టం నొక్కితే టక్కుమని పట్టుకుంది. ఒత్తిడి చూపే మీటరున్న గొట్టాలు అయిపోయాయని అంగడివాడు మీటరు లేనిదే ఇచ్చాడు. చిన్న కారుకి ఒక డబ్బా చాలని వీడియోలో ఆయన ఎలాగూ చెప్పాడు.

డబ్బా నిలువుగా పట్టుకుని, ఊపుతూ, మీట నొక్కింది. తొడుగుల్లోంచి కూడా అరచేతులు జిల్లుమన్నాయి. పది నిమిషాలకి డబ్బా తేలికైపోయింది. గొట్టం ఊడదీస్తుంటే బుస్సుమని కొంచెం గ్యాసు పోయింది. లోపలికి చెయ్యి పెట్టి చూస్తే గాలి చల్లగా తగిలింది. నీడలో నిలబడి ఆమె ఒక్కతే నవ్వుకుంది. ఖాళీ డబ్బా మళ్ళీ తూచితే నూట ముప్పై నాలుగు. క్రీము కొలతలు రాసుకునే పుస్తకంలో, వెన్న లెక్క కింద, "గ్యాసు 238" అని రాసుకుంది. డబ్బాని మైదా పిండి పీపాలో అడుగుకి దూర్చేసింది. మామగారు లేచేసరికి టీ పొయ్యి మీద ఉంది.

గురువారం మధ్యాహ్నం ఒక చిన్న క్రీము కేకు అట్టపెట్టెలో పెట్టి, వెనక సీటులో కట్టి, హోటలు దారిలో పది కిలోమీటర్లు వెళ్ళి చూసి వద్దామని బయలుదేరింది. మామగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఉన్నారు. తానూ వస్తానని ముందు సీటులో కూర్చున్నారు. ఏసీ తిప్పగానే చల్లగాలి ముఖాన కొట్టింది. ఆయన కళ్ళు మూసుకుని గాలిని కాసేపు అనుభవించి, ఎలా ఉందని అడిగారు. బాగుందని ఆమె అంది, గతుక్కుమంటూ.

"ఉంటుంది మరి. నిన్న పొద్దున నువ్వు అట్టపెట్టెలకి నడిచి బజారెళ్ళావు చూడు, అప్పుడు చేసేశా" అన్నారాయన.

ఇక ఆయన మాటల మీద మాటలు. పెళ్ళికొడుకు కూడా అంత హుషారుగా మాట్లాడడు. మొదటిరోజే నురగలో సన్న బుడగ కనిపించిందట, వాల్వులో కారుతోందట. అంత చిన్న వాల్వుకి పక్క ఊరి నుంచి కొత్తది రావడానికి పది రోజులు పట్టిందట. అది రాకుండా గ్యాసు ఎక్కించడం అంటే చిల్లుబిందెలో నీళ్ళు పొయ్యడమే గనక ఆగారట. తెప్పించుకున్నాక మార్చి, తన పాత సిలిండర్లోంచి మెల్లగా ఎక్కించి, పైపు పట్టుకుని చూసి, చాలు అనిపించిన చోట ఆపేశారట. కోడలికి చెప్పకుండా కారులో కూర్చోబెట్టి, ఆ చల్లదనం ఆమె ముఖంలో చూడాలని ఆశపడ్డారట.

ఆమె ముఖం రోడ్డు వైపే ఉంచింది. ఆయన పొద్దున నింపిన కారులో తను సాయంత్రం మళ్ళీ నింపింది. నిన్న చేతికి తగిలిన చల్లగాలి తనది కాదు.

పావుగంటకి టక్కుమని చప్పుడై గాలి వేడెక్కింది. కాసేపటికి మళ్ళీ చల్లగా వచ్చింది, మళ్ళీ ఆగింది. మామగారు మాట ఆపేశారు. కారు పక్కకి ఆపించి, బానెట్ ఎత్తించి, ఎండలో వంగి చాలాసేపు విన్నారు. తిరిగొచ్చి కూర్చునేసరికి ఆయన ఐదేళ్ళు పెద్దవారైనట్టు కనిపించారు.

"ఎక్కువైంది. లోపల ఒత్తిడి ఎక్కువై కంప్రెసర్ ఆగిపోతోంది. నేనే ఎక్కువ పోశాను" అన్నారు.

చెప్పెయ్యాల్సిన క్షణం అదే. నోటి దాకా వచ్చింది. కానీ చెబితే, నాకెందుకు చెప్పలేదని ఆయన అడుగుతారు. మిమ్మల్ని నమ్మలేదు గనక అన్నది తప్ప ఆమె దగ్గర వేరే జవాబు లేదు. రేపటి దాకా ఆగి నెమ్మదిగా చెబుదామని తనకి తాను సర్దిచెప్పుకుంది. భయానికి అలాంటి మంచి పేర్లు పెట్టుకోవడం మనుషులకి బాగా అలవాటు. ఇంటికి చేరేసరికి అట్టపెట్టెలో కేకు ఒక పక్కకి జారి, క్రీము మూతకి అంటుకుని ఉంది.

ఆ సాయంత్రం మామగారు పెరట్లో కూర్చుని ఒత్తిడి కొలిచే తన గేజీలనీ గొట్టాలనీ నూనెగుడ్డతో తుడిచి, ఒక్కొక్కటే కాగితంలో చుట్టి సంచిలో పెట్టారు. పనికొచ్చేవాళ్ళు ఎవరైనా ఉంటే ఇచ్చెయ్యమన్నారు. కోడలు టీ తెచ్చి ఇస్తే అందుకోలేదు, పక్కన పెట్టమన్నారు.

"కళ్ళు పోతే అద్దాలు పెట్టుకుంటాం. చెయ్యి పోతే ఏం పెట్టుకుంటామమ్మాయ్?" అన్నారు.

అది ఆమెని అడిగిన ప్రశ్న కాదు. ఆమె మాత్రం వంటింట్లోకి వెళ్ళి, పిండి పీపా మూత పట్టుకుని ఏడ్చింది. ఏడ్చి, ముఖం కడుక్కుని, అప్పుడు కూడా చెప్పలేదు.

శుక్రవారం పొద్దున పెద్ద కేకు అంతస్తులు ఓవెన్లో పొంగుతుంటే ఆమె ఒక ఉపాయం ఆలోచించింది. ఎక్కువైనది వాల్వు నొక్కి బయటికి వదిలేస్తే సరిపోతుంది కదా, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు కదా అని. ఆ మాట అనగానే మామగారు తల అడ్డంగా ఊపారు. ఎంత వదలాలో ఎవరికి తెలుసు అన్నారు. తెలిసినా ఆ గ్యాసు గాల్లోకి వదలకూడదన్నారు. ముప్పై ఏళ్ళలో తను వదల్లేదనీ, తన ముందు ఇంకొకరిని వదలనివ్వలేదనీ అన్నారు. తీసి తూచే మెషీను ఒక్కచోటే ఉందని చెప్పి, లేచి చెప్పులు వేసుకున్నారు.

"షాపుకి పద. రేపు నీ కేకు వెళ్ళాలి" అన్నారు.

తను దేని నుంచి ఆయన్ని కాపాడాలనుకుందో, సరిగ్గా అక్కడికే ఆయన తన కోసం నడిచి వెళ్తున్నారు.

షాపు ఓనరు చెడ్డవాడేం కాదు. కళ్ళజోడు నెత్తికెక్కించుకుని, చాలా రోజులకి వచ్చారు మేస్త్రీగారూ అంటూ మామగారిని ఆప్యాయంగానే పలకరించాడు. గోడవార కుర్చీల్లో ఇద్దరు ఖాతాదారులు తమ కార్ల కోసం కాచుక్కూర్చున్నారు. మామగారు కారు ముందు నిలబడి, మెషీను వైపు చూడకుండా, చెప్పాల్సింది చెప్పేశారు.

"ఇంట్లో నేనే గ్యాసు ఎక్కించాను. ఎక్కువైంది. మొత్తం తీసి సరిగ్గా ఎక్కించాలి."

ఓనరు ముఖంలో జాలి కనిపించింది. జాలిని లోపలే దాచుకుంటే మర్యాదగా ఉండేది. అతను దాన్ని కుర్చీల్లో ఉన్నవాళ్ళకి కూడా పంచాడు. ఈయన మా దగ్గర ముప్పై ఏళ్ళు చేశారండీ, ఆ రోజుల్లో పైపు చేత్తో పట్టుకునే గ్యాసు చాలిందో లేదో చెప్పేవాళ్ళు, ఇప్పుడంతా గ్రాముల లెక్క, చేతి లెక్కలు కుదరవు అని వివరించాడు. వాళ్ళు తలలూపారు. నీలం మెషీను గొట్టాలు కారుకి తగిలించి మీట నొక్కాడు. అది రొద చేస్తూ గ్యాసు లాగడం మొదలుపెట్టింది. తెర మీద అంకెలు ఎక్కుతున్నాయి. మూడు వందలు, నాలుగు వందలు. అక్కడెక్కడో ఆగిపోతే బాగుండునని కోడలు కోరుకుంది. ఆగదని ఆమెకి తెలుసు. ఏడు వందల యాభై నాలుగు దగ్గర ఆగింది.

బానెట్ లోపల అంటించిన కాగితం ఓనరు పైకి చదివాడు. ఈ కారుకి పట్టేది ఐదు వందల ఇరవై.

"దాదాపు సగానికి సగం ఎక్కువ పోశారు మేస్త్రీగారూ. కంప్రెసర్ పోలేదు, అదృష్టవంతులు" అన్నాడు.

మామగారు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నారు. ఒక చేత్తో ఇంకో చేతిని గట్టిగా పట్టుకున్నారు, వణుకు కనిపించకుండా. అది చూశాక కోడలికి ఇక భయపడటానికి ఏమీ మిగల్లేదు. ముందుకొచ్చి, సంచిలో వెంట తెచ్చుకున్న కొలతల పుస్తకం తీసింది.

"అందులో రెండు వందల ముప్పై ఎనిమిది గ్రాములు నావి" అంది.

ఓనరుకి అర్థం కాలేదు. మామగారు మాత్రం చటుక్కున తల తిప్పారు.

"బుధవారం పొద్దున మామయ్యగారు ఎక్కించారు. నాకా సంగతి తెలీదు. సాయంత్రం ఆయన పడుకున్నాక డబ్బా కొని తెచ్చి నేనూ ఎక్కించాను. ముందూ వెనకా తూచాను. ఇదిగో, రాసుకున్నాను. నిన్ననే చెప్పాల్సింది, చెప్పలేదు. తప్పు ఆయనది కాదు, నాది."

ఓనరు పుస్తకం అందుకున్నాడు. వెన్న, పంచదార, మీగడ, కింద గ్యాసు. నెత్తి మీది కళ్ళజోడు దించి పెట్టుకుని, ఫోనులో లెక్క వేశాడు. ఏడు వందల యాభై నాలుగులోంచి రెండు వందల ముప్పై ఎనిమిది పోతే ఐదు వందల పదహారు. కాగితం మీద ఐదు వందల ఇరవై. అతను మళ్ళీ వేశాడు. కుర్చీల్లో ఉన్న ఇద్దరిలో ఒకాయన లేచొచ్చి భుజం మీంచి తొంగిచూశాడు.

"చేత్తోనే ఎక్కించారా?" అని అడిగాడు ఓనరు. "నాలుగే గ్రాములు తేడా."

అందరూ మామగారి వైపు చూశారు. ఆయన కోడలి వైపు చూస్తున్నారు. తిడతారనుకుంది. ఏడుస్తారేమో అని కూడా అనుకుంది.

"గొట్టం తీసేటప్పుడు బుస్సుమని పోయిందా?" అని అడిగారు.

పోయిందని ఆమె అంది.

"నాలుగు గ్రాములుంటుంది అది. డబ్బాలోంచి బయటికొచ్చింది గానీ కారులోకి వెళ్ళలేదు. నీ లెక్కలోంచి నాలుగు తీసెయ్యి" అన్నారు కోడలితో. ఆనక ఓనరు వైపు తిరిగి, ఎంతో గంభీరంగా, "నాది ఐదు వందల ఇరవయ్యే."

ముందు నవ్వింది భుజం మీంచి తొంగిచూసిన ఆయన. తరవాత ఓనరు. అది ఎగతాళి నవ్వు కాదు. చివరికి మామగారికీ నవ్వాగలేదు. వెనక కట్టుకున్న చేతులు విడిపోయి ముందుకొచ్చాయి.

మెషీను ఐదు వందల ఇరవై గ్రాములు కొలిచి ఎక్కించి గంట కొట్టింది. మామూలుగా ఆ గంటతో పని అయిపోయినట్టే. ఓనరు మాత్రం గొట్టాలు తియ్యకుండానే ఇంజనూ ఏసీ ఆన్ చేసి, కొంచెం తటపటాయించి, మేస్త్రీగారూ ఒకసారి పట్టుకుని చూడండి అన్నాడు. మామగారు లావు పైపు మీద చెయ్యి వేసి, చాలన్నట్టు తలూపారు. తరవాత కోడల్ని దగ్గరికి పిలిచి, కొంగుని తిరిగే ఇంజను బెల్టుకి దూరంగా బిగించుకోమని చెప్పి, ఆమె చేత అదే చోట చెయ్యి పెట్టించారు.

"గట్టిగా పట్టుకోకు. ఊరికే ఆనించు. చల్లదనం కాదు చూడాల్సింది, పైపు మీద చెమర్చిన ఆ తడి ఎంతవరకు వచ్చిందో చూడు. అదీ ఐదు వందల ఇరవై అంటే. మర్చిపోకు."

తిరుగు దారిలో కారు సందు మలుపు తిరిగింది. నాకెందుకు చెప్పలేదని అడగననీ, తనూ చెప్పకుండానే చేశాననీ మామగారే అన్నారు. ఆయన అడగకపోయినా జవాబు ఇవ్వాలని ఆమెకి అనిపించింది. ఇవ్వకపోతే ఈ రెండ్రోజుల్లో ఆమె నేర్చుకున్నదేమీ లేనట్టే.

"మీ చేతులు వణకడం చూసి భయపడ్డాను మామయ్యగారూ. మిమ్మల్ని నమ్మలేదు" అంది.

ఆయన తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నారు. "వణుకుతాయి. గ్లాసు పట్టుకుంటే వణుకుతాయి. పైపు పట్టుకుంటే వణకవు. ఎందుకో నాకూ తెలీదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణి" అన్నారు. ఇల్లు దగ్గరపడ్డాక, గేజీలు ఎవరికీ ఇవ్వొద్దని కూడా అన్నారు.

శనివారం కేకు చెక్కుచెదరకుండా హోటలు చేరిందనీ, మేనేజరు ఒక అంతస్తు అంచు వేలితో తడిమి చూసి, వచ్చే శనివారం నుంచి వారానికొకటి తెమ్మన్నాడనీ ముందే చెప్పేస్తాను. ఆ ఆదుర్దా తీరిపోతే, దారిలో జరిగిన చిన్న విషయం తీరిగ్గా చెప్పుకోవచ్చు.

సగం దూరంలో రైలు గేటు పడింది. ముందు పది బళ్ళు, వెనక పది బళ్ళు. మిట్టమధ్యాహ్నం. కదలని కారుకి గాలి తగలదు, ఏసీకి అంతకన్నా గడ్డు పరీక్ష ఉండదు. మామగారు వెనక సీటులో కేకు పెట్టె పక్కన కూర్చుని, పెట్టె మీద చెయ్యి ఆనించి ఉన్నారు. గూడ్సు బండి కాబోలు, ఎంతకీ రాలేదు. ఐదు నిమిషాలకి గాలిలో చల్లదనం తగ్గినట్టు కోడలికి అనిపించింది. అద్దంలోంచి ఆయన వైపు చూసింది. ఆయన దిగుతారని ఎదురుచూసింది.

"దిగి చూసి రా" అన్నారాయన.

ఆమె దిగింది. బానెట్ ఎత్తితే సెగ ముఖాన కొట్టింది. కొంగు బిగించి, లావు పైపు మీద వేళ్ళు ఆనించింది. చల్లగా ఉంది. తడి ఎంతవరకు వచ్చిందో వేలితో వెతికింది. నిన్నటికన్నా కొంచెం కిందికి ఉందేమో అనిపించింది. అప్పుడు గూడ్సు బండి దడదడలాడుతూ వచ్చింది. దాని పెట్టెలన్నీ వెళ్ళిపోయేదాకా ఆమె చెయ్యి తియ్యలేదు. తొందరపడకుండా, రెండోసారి, మూడోసారి చూసుకుంది. నిన్న ఎక్కడ ఉందో అక్కడే ఉంది. వేడెక్కింది గాలి కాదు, తన కంగారే.

బానెట్ మూసి వచ్చి కూర్చుంది. "సరిపోయింది మామయ్యగారూ" అంది.

తను కూడా ఒకసారి చూసి వస్తానని ఆయన అంటారేమోనని గేరు మీద చెయ్యి ఉంచి ఆగింది. ఆయన కదల్లేదు. తలుపు వైపు కూడా చూడలేదు. పెట్టె మీద చెయ్యి అలాగే ఉంచి, వెనక్కి జారగిలబడ్డారు.

"అయితే పద, గేటు ఎత్తుతున్నారు" అన్నారు.